నా పరిశోధన ఇంకొకరి పేరుతో ఇంగ్లిషులో కనబడింది: ఫిర్యాదు నుంచి ఉత్తర్వు దాకా

2024 జూన్ మొదటి వారం. మా కాలేజీలో మొదటి ఏడాది పూర్తి చేసిన ఒక అమ్మాయి, వేసవిలో చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని ఇంటికి వచ్చింది. నేను పాలకొల్లులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆ అమ్మాయిది నరసాపురం దగ్గరి పల్లె. తీసుకున్న అంశం లేసు అల్లే స్త్రీలు. నా పీహెచ్‌డీ కూడా వాళ్ల మీదే కాబట్టి ఒకసారి దిద్ది పెట్టమని అడిగింది. చూస్తే అందులో ఇంగ్లిషు ఆ అమ్మాయి రాయగలిగిన దాని కన్నా చాలా పైన ఉంది. ఎక్కడిదమ్మా ఇది అంటే ఏమాత్రం తడబడకుండా ఫోను తీసి, "శోధగంగలో ఒక సార్ థీసిస్ ఉంది మేడమ్, అందులోంచి కొంచెం తీసుకున్నాను" అంది. అది దాచుకోవలసిన సంగతి అని కూడా ఈ పిల్లలకు తోచదు. శోధగంగ అంటే దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లను అందరూ చదువుకునేలా పెట్టే వెబ్‌సైటు.

ఆ పేజీలో ఒక ముసలమ్మ గురించి ఉంది. చూపు దాదాపు పోయినా, వేళ్లతో తడిమి ఎక్కడ ముడి జారిందో చెప్పగలిగే ఆవిడ. చదువుతుంటే ముందు సంతోషం వేసింది, ఈయనకు కూడా ఆవిడ దొరికిందన్నమాట అని. కింది పేరాలో ఆవిడ నాతో అన్న మాట ఉంది. తర్వాతి పేజీలో ఫొటో: నులక మంచం మీద పరిచిన లేసు గుడ్డలు, వెనక ఆకుపచ్చ రంగు గుమ్మం. అది మా పెద్దత్త గారి ఇంటి అరుగు. ఆ ఫొటో తీసింది నేను.

ఆ రాత్రి కోపం కన్నా ముందు అనుమానం వచ్చింది, అదీ నా మీదే. పదేళ్ల కిందటి పని. ఎక్కడో చదివిన మాట నాదనుకుని రాసుకున్నానా? మేమిద్దరమూ ఒకే పుస్తకం నుంచి తీసుకున్నామా? నరసాపురం లేసు పనివారి మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లోనే ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. ఈ అంశం ఎత్తుకున్న వాళ్లెవరూ దాన్ని చదవకుండా ఉండరు. తెల్లవారుజామున లేచి, బీరువా మీది అట్టపెట్టె దించి, ఫీల్డు నోటుపుస్తకాలు బయటికి తీశాను. ముసలమ్మ మాట నా చేతిరాతలో ఉంది, పక్కన 2013 డిసెంబరు తారీఖు. అప్పుడు వచ్చింది కోపం.

నా థీసిస్ తెలుగు శాఖలో, తెలుగులో రాసింది. 2016లో పట్టా వచ్చింది, మరుసటి ఏడాది శోధగంగలో పెట్టారు. ఆయనది పక్క రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం, సోషల్ వర్క్ శాఖ, ఇంగ్లిషు థీసిస్, 2022లో పట్టా. మనిషి మాత్రం మన గోదావరి వాడే, రాజోలు వైపు. ఇంకో కాలేజీలో లెక్చరర్. ఆ థీసిస్‌లో మూడో అధ్యాయం, నాలుగో అధ్యాయం దాదాపు మొత్తం నావి. మిగతావి ఎవరివో నేను వెతకలేదు.

ముందు పేజీల్లో, సర్టిఫికెట్ల మధ్య, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నివేదిక కూడా జతచేసి ఉంది. సిమిలారిటీ, అంటే ఇతరుల రాతలతో పోలిక, 6 శాతం. కింద గైడు సంతకం, లైబ్రరీ ముద్ర. తర్వాతి పది నెలలూ నేను పోరాడింది ఆ మనిషితో కన్నా ఈ ఆరు అంకెతోనే ఎక్కువ.

ఆరే ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. ఒకటి, నాది తెలుగు, ఆయనది ఇంగ్లిషు. మాటకు మాట పోల్చే యంత్రానికి రెండు భాషల్లో ఉన్నది ఒకే సంగతి అని తెలియదు. రెండోది నేను ఊహించనిది. ఆ రోజుల్లో మా థీసిస్‌లన్నీ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతోనే టైపు చేయించేవాళ్లం. ఆ పీడీఎఫ్ మన కళ్లకు చక్కటి తెలుగు. కంప్యూటర్ లోపల మాత్రం ప్రతి అక్షరం వెనుకా ఏదో ఇంగ్లిషు గుర్తు ఉంటుంది. ఒక పేరా కాపీ చేసి ఇంకో చోట పెట్టి చూడండి, డాలర్లూ బ్రాకెట్లూ తప్ప ఏమీ రాదు. అంటే నా థీసిస్ శోధగంగలో అందరికీ కనబడుతూ ఉన్నా, వెతికే యంత్రం దృష్టిలో అది లేనట్టే. అను ఫాంట్లలో రాసిన తెలుగు థీసిస్‌లన్నిటిదీ ఇదే స్థితి.

మా గైడు గారు రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు. జూన్ చివర వెళ్లి చూపించాను. ఆయన రెండు అధ్యాయాలూ చదివి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "పోలీసుల దగ్గరికీ కోర్టుకూ వద్దమ్మా, ముందు పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికే రాయి" అన్నారు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ గ్రంథచౌర్యం మీద 2018లో తెచ్చిన నిబంధనల ప్రతి ఆయనే తీసిచ్చారు. దాని ప్రకారం అనుమానం ఉన్న వాళ్లు ఆధారాలతో సంబంధిత శాఖలోని అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేయాలి. అది 45 రోజుల్లో విచారించి, సంస్థ స్థాయి ప్యానెల్‌కు నివేదిక పంపాలి. వాళ్లు ఇంకో 45 రోజుల్లో తేల్చాలి. మొత్తం మూడు నెలలు. సంక్రాంతి లోపే అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

అదే కాగితంలో నన్ను భయపెట్టిన భాగం కూడా ఉంది. శిక్షలన్నీ శాతాల లెక్కన ఉన్నాయి. 10 శాతం దాకా అసలు శిక్షే లేదు. 10 దాటి 40 దాకా అయితే సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించి ఇచ్చే అవకాశమూ ఉండదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆయనది 6. కానీ మొదట్లో ఇచ్చిన నిర్వచనంలో ఇంకొకరి పనినే కాదు, ఆలోచనను తీసుకుని తనదిగా చెప్పుకున్నా గ్రంథచౌర్యమే అని ఉంది. గైడు గారు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. "నీ ఫిర్యాదు మొత్తం దీని మీద నిలబెట్టు. శాతం గురించి నువ్వు ఎత్తకు, వాళ్లే ఎత్తుతారు" అన్నారు. ఆయన చెప్పిన దాంట్లో ఇదొక్కటి లేకపోతే నేను మొదటి మెట్టులోనే ఆగిపోయేదాన్ని.

జూలై అంతా ఆధారాలు కూర్చడానికే సరిపోయింది. ఎడమవైపు నా పేజీ, కుడివైపు ఆయన పేజీ, పేరాకు పేరా పట్టిక. అది ఎంత చేసినా "ఇద్దరూ ఒకే ఊళ్లు తిరిగారు, ఒకేలా రాశారు" అనే మాటకు చోటు మిగులుతూనే ఉంది. నన్ను గట్టెక్కించినవి వేరే మూడు.

మొదటిది ఒక అంకె. నేను 84 మంది స్త్రీలతో మాట్లాడాను. సగంలో ఉండగా వాళ్లలో ఒకామె ఇంటి పనికి కువైట్ వెళ్లిపోయింది. అందుకని వయసు, చదువు, పెళ్లి వివరాల పట్టికల్లో మొత్తం 84 ఉంటుంది, కూలి, అప్పుల పట్టికల్లో 83 ఉంటుంది. నా థీసిస్‌లో దీనికి పేజీ కింద వివరణ ఇచ్చాను. ఆయన థీసిస్‌లోనూ వయసు పట్టికలో 84, అప్పుల పట్టికలో 83. వివరణ మాత్రం లేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని అనువదించే ఓపిక ఆయనకు లేకపోయినట్టుంది. ఆ ఒక్క మనిషి ఎటు పోయిందో ఆయన చెప్పలేడు, నేను చెప్పగలను.

రెండోది ఫొటో. అచ్చులో నేను వేసింది ఒక పక్క కత్తిరించిన బొమ్మ. అసలు ఫైలులో ఎడమవైపు గోడ, దాని మీద 2014 ఫిబ్రవరి క్యాలెండరు కూడా ఉన్నాయి. ఆ ఫైలు పాత కంప్యూటర్ హార్డు డిస్కులో ఉంది, అదేమో ఎప్పుడో పాడైపోయింది. భీమవరంలో ఒక రిపేరు షాపు అబ్బాయి మూడు రోజులు దగ్గర పెట్టుకుని, 1,800 రూపాయలు తీసుకుని, ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. కత్తిరించిన బొమ్మ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. చుట్టూ ఉన్న భాగం తీసిన వాళ్ల దగ్గరే ఉంటుంది.

మూడోది మరణ ధ్రువపత్రం. ముసలమ్మ పేరు కూడా ఆయన మార్చలేదు. తాను 2019లో ఆవిడతో మాట్లాడానని రాసుకున్నాడు. ఆవిడ 2015లోనే పోయింది. కొడుకు సఖినేటిపల్లి వైపు ఉంటాడు. వెళ్దామంటే జూలై వరదకు నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఆపేశారు. బస్సులో చుట్టు తిరిగి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. సంగతి చెబితే ఆయన కాసేపు నవ్వాడు. "మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది మేడమ్ గారూ. ఇన్నాళ్లకు ఆవిడ సర్టిఫికెట్ కావాలని వచ్చింది మీరొక్కరే" అన్నాడు. గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఆయనే పెట్టాడు. పది రోజుల్లో కాగితం చేతికొచ్చింది. లేసు అల్లి ఆవిడ జీవితమంతా సంపాదించిన దాంట్లో తనకంటూ మిగుల్చుకున్నది ఏమీ లేదని నా థీసిస్‌లోనే రాశాను. ఆవిడ మాటల మీద మాత్రం ఇద్దరం డాక్టరేట్లు తెచ్చుకున్నాం.

ఆగస్టు 8న ఫిర్యాదు పంపాను. రిజిస్టర్డ్ పోస్టులో ఒక ప్రతి శాఖాధిపతికి, ఒకటి రిజిస్ట్రారుకు, ఒకటి వైస్ ఛాన్సలర్ కార్యాలయానికి. అవే ఈమెయిల్లో కూడా. రెండు థీసిస్‌ల ముఖ్యమైన పేజీల జిరాక్సులు, స్పైరల్ బైండింగు, నోటరీ ముందు చేసిన ప్రమాణపత్రం, పోస్టు ఖర్చు కలిపి నాలుగు వేలు దాటింది. ప్రమాణపత్రం ఎవరూ అడగలేదు, కానీ తర్వాత విచారణలో అధ్యక్షుడు మొదట తిప్పింది ఆ పేజీనే. ఇంకో సంగతి, పంపడానికి ముందే ఆయన థీసిస్ ఫైళ్లన్నీ శోధగంగ నుంచి దించి పెట్టుకున్నాను. అక్కడ అధ్యాయానికొక ఫైలు ఉంటుంది, అన్నీ విడివిడిగా దించుకోవాలి. వివాదం మొదలయ్యాక ఏ ఫైలు ఎప్పుడు మారుతుందో చెప్పలేం.

సెప్టెంబరు అంతా మౌనం. రిజిస్ట్రారు ఆఫీసుకు ఫోను చేస్తే శాఖకు పంపామన్నారు. శాఖకు చేస్తే ఒక గుమస్తా ఎంతో మర్యాదగా, "ప్యానెల్ ఇంకా వేయలేదండీ, ఇంతకుముందు మాకు ఇలాంటిది రాలేదు" అన్నాడు. 2018 నుంచీ ఉండవలసిన ప్యానెల్. దాంట్లో శాఖాధిపతి, బయటి శాఖ నుంచి ఒక సీనియర్ అధ్యాపకుడు, ఈ సాఫ్ట్‌వేర్లు తెలిసిన ఒకరు, మొత్తం ముగ్గురు ఉండాలి. ఆ ముగ్గురిని వెతకడానికి అక్టోబరు వచ్చింది. 45 రోజుల లెక్క వాళ్లు ప్యానెల్ వేసిన రోజు నుంచి మొదలుపెట్టారు. నిబంధనలో ఉన్నది ఫిర్యాదు అందిన రోజు నుంచి అని మళ్లీ ఉత్తరం రాశాను. దానికి జవాబు రాలేదు.

జవాబు మా ఇంటికి వేరే దారిన వచ్చింది. దసరా సెలవుల్లో మా మామగారి తరఫు బంధువు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. కాఫీ అయ్యాక, "అమ్మాయ్, వాళ్లు మనకు కావలసిన వాళ్లేనమ్మా. అతని ప్రమోషన్ కాగితాలు కదులుతున్నాయట. నువ్వు రాసింది నీ దగ్గరే ఉంది కదా, నీకు పోయేదేముంది?" అన్నాడు. డెల్టాలో ఇదొక చిక్కు. కాలువ ఇవతలి వాళ్లకూ అవతలి వాళ్లకూ ఎక్కడో ఒక చోట చుట్టరికం కలుస్తుంది. నేను నోరు విప్పేలోపే మావారు, "మీ చేపల చెరువులో ఎవరైనా వల వేసుకుపోతే ఇదే మాట అంటారా బాబాయ్?" అని అడిగారు. ఆయన మళ్లీ రాలేదు. మా ప్రిన్సిపాల్ గారు ఇంకాస్త నాజూగ్గా, కాలేజీ లెటర్‌హెడ్ వాడలేదు కదా అని అడిగి ఊరుకున్నారు. వాడలేదు. తర్వాత నా అధ్యాయాలు ఎత్తుకున్నాయన భార్య ఫోను చేసింది. ఏడ్చింది. ఆ ఫోను తర్వాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆవిడకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఆయన కూడా ఒకసారి చేశారు. "మేడమ్ గారూ, మీ థీసిస్ నుంచి స్ఫూర్తి పొందాను, అంతే" అన్నారు. మరి గ్రంథసూచిలో నా పేరు లేదేమండీ అంటే, "టైపిస్టు వదిలేశాడండీ" అన్నారు. పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో "పది శాతం లోపు గ్యారంటీ" అని ధరతో సహా ప్రకటనలు తిరుగుతుంటాయి. అలాంటి చోట చేయించారో, తానే చేసుకున్నారో నాకు తెలియదు. టైపిస్టు మీదికి నెట్టినప్పుడు మాత్రం నాలో మిగిలిన కాస్త మెత్తదనమూ పోయింది.

నవంబరు రెండో వారంలో ప్యానెల్ ఆన్‌లైన్ విచారణ పెట్టింది. పదకొండు గంటలకని చెప్పి, నన్ను లోపలికి తీసుకునేసరికి ఒంటిగంట. ముగ్గురిలో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. మొత్తం ఇంగ్లిషులో జరిగింది. నేను పాఠం చెప్పేది తెలుగులో, కోపం వచ్చేదీ తెలుగులోనే. ముందు రోజు మాట్లాడవలసినవి కాగితం మీద రాసుకుని చదువుకున్నా, మొదటి ప్రశ్నకే గొంతు ఎండిపోయింది. శాఖాధిపతి మొదటి మాట గైడు గారు ఊహించినదే: "సిమిలారిటీ ఆరే ఉంది కదమ్మా?"

అనువాదం దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. ఫిర్యాదుతోనే నా అధ్యాయాల్లో 40 పేజీలకు ఇంగ్లిషు అనువాదం పెట్టాను. రాజమండ్రిలో ఒక రిటైర్డు ఇంగ్లిషు లెక్చరర్ గారి చేత చేయించాను, 6,000 రూపాయలు అయింది. అది నేను ఫిర్యాదు చేసినాయన థీసిస్‌కు ఎంత దగ్గరగా ఉందంటే, విచారణలో ఆయన వెంటనే అదే పట్టుకున్నారు. "నా థీసిస్ పక్కన పెట్టుకుని ఈ అనువాదం రాయించారు. పైగా ఆవిడ ఫైలు నుంచి ఎవరూ ఏమీ కాపీ చేయలేరు, ప్రయత్నించి చూడండి, పిచ్చి గుర్తులు వస్తాయి" అన్నారు. ఆ రెండో మాట నిజమే. ఒక నిమిషం నాకు నోట మాట రాలేదు. ఇలాంటి ఫిర్యాదు చేసే వాళ్లు అనువాదం తాము చేయించి పంపకుండా, విశ్వవిద్యాలయాన్నే చేయించమని అడగడం మేలు. నా 6,000 ఎందుకూ కలిసి రాలేదు.

అప్పుడు ఆ ముగ్గురిలో చిన్నవాడు, లైబ్రరీలో పనిచేసే అతను, కెమెరా ముందే ఒక పని చేశాడు. నేను పంపిన జిరాక్సులో ఒక పేజీ బల్ల మీద పెట్టి, దాని మీద ఫోను పట్టుకున్నాడు. కాసేపటికి తెరమీద తెలుగు పోయి ఇంగ్లిషు వచ్చింది. దాన్ని పైకి చదివాడు. తర్వాత ఆయన థీసిస్‌లో 112వ పేజీ తీసి చదివాడు. మాటలు సాపు చేశారు కానీ వాక్యాల వరుస ఒకటే, ఉదాహరణల వరుస ఒకటే, ఏజెంటు దారం తూచి ఇచ్చి అల్లినదాన్ని మళ్లీ తూచి తీసుకునే తంతు ఒకటే. కాపీ చేయడానికి ఫైలు అక్కర్లేదు, కెమెరా చాలు. ఎవరూ ఏమీ అనలేదు. శాఖాధిపతి గారు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నన్ను ఇంకో రెండు ప్రశ్నలడిగి పంపించేశారు. మొత్తం అరగంట కూడా పట్టలేదు.

డిసెంబరులో వాళ్ల భాషల విభాగంలోని తెలుగు తెలిసిన ప్రొఫెసర్ చేత సొంతంగా అనువాదం చేయించుకున్నారని తెలిసింది. 2025 జనవరి చివర సంస్థ స్థాయి ప్యానెల్ ముందుకు స్వయంగా రమ్మన్నారు. ఆన్‌లైన్‌లో కుదరదా అంటే, అసలు నోటుపుస్తకాలు చూడాలన్నారు. ప్రయాణ ఖర్చు ఎవరూ ఇవ్వరు. రాత్రి రైలు, లాడ్జి, భోజనాలు, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేల పైన. మావారు రెండు రోజులు జీతం నష్టపోయారు. నోటుపుస్తకాలు సంచిలో పెట్టుకుని రాత్రంతా తలకింద పెట్టుకున్నాను.

అక్కడ ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఏమిటంటే, ఫిర్యాదు చేసిన వాళ్లూ, చేయించుకున్న వాళ్లూ ఒకే వరండాలో ఒకే బెంచీ మీద కూర్చోవాలి. నేను ఇటు చివర, ఆయన అటు చివర. గంటన్నర. ఫొటోలో చూసిన దాని కన్నా వయసు మళ్లినట్టు కనిపించారు. ఒకసారి, "మా అబ్బాయికి మార్చిలో ఇంటర్ పరీక్షలండీ" అన్నారు, ఎటో చూస్తూ. మాకూ పాప ఉంది, పదో తరగతి అని చెప్పాను. అంతటితో మాటలు అయిపోయాయి.

లోపల ఐదు నిమిషాల్లో తేలిపోయింది అనిపించింది. బయటి సంస్థ నుంచి వచ్చిన సభ్యురాలు ఒకావిడ అంతా చదువుకుని వచ్చారు. 84, 83 పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టి ఆయనను ఒకటే ప్రశ్న అడిగారు: "ఆ ఒక్కరూ ఏమయ్యారు?" ఆయన అచ్చుతప్పు అన్నారు. వరుసగా ఏడు పట్టికల్లోనా అని ఆవిడ అడిగారు. తర్వాత మరణ ధ్రువపత్రం చూపించారు. ఫొటో దాకా వెళ్లనే లేదు. భీమవరంలో 1,800 పెట్టి తెచ్చుకున్న నా క్యాలెండరును ఎవరూ చూడనందుకు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కాస్త నిరాశపడ్డాను.

ఉత్తర్వు కోసం ఫిబ్రవరి, మార్చి గడిచిపోయాయి. ఏప్రిల్ 11న ఈమెయిల్ వచ్చింది, రెండు పేరాలు. ఫిర్యాదు విచారించాము, నిబంధనల ప్రకారం తగిన చర్య తీసుకున్నాము. ఏ చర్య? చెప్పలేదు. అడిగితే, నివేదిక ప్రతిని ఆరోపణ ఎదుర్కొన్న వాళ్లకు ఇవ్వాలని నిబంధనల్లో ఉంది కానీ, ఫిర్యాదు చేసిన వాళ్లకు ఇవ్వాలని లేదన్నారు. తీసి చూస్తే నిజమే. ఎన్నిసార్లు చదివిన కాగితమో, ఆ లోటు నా కంటికి ఆనలేదు.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో. 30 రోజుల గడువు దాటి, జూన్ మొదట్లో సగం సగం జవాబు వచ్చింది. పట్టాను ఏడాది పాటు నిలుపుదలలో ఉంచారు. పట్టా ఇచ్చేశాక బయటపడిన కేసుల్లో నిబంధన అదే, రద్దు కాదు. రెండు అధ్యాయాలూ తిరిగి రాయాలి. థీసిస్‌ను శోధగంగ నుంచి తీసేయమని రాశారట. నేను చూసేటప్పటికి తీసేశారు. శాతం గురించి ఒక వాక్యం ఉంది: అనువాదాలతో చేతితో పోల్చి చూడగా మొత్తం థీసిస్‌లో 31 శాతం. ఆరు ముప్ఫై ఒకటి కావడానికి పది నెలలు పట్టింది. సంతకం చేసిన గైడు గురించి ఆ జవాబులో ఒక్క మాటా లేదు. అడిగిన నివేదిక పూర్తి ప్రతిని వ్యక్తిగత సమాచారం పేరు చెప్పి ఇవ్వలేదు. దాని మీద అప్పీలు చేయాలా అని ఆలోచించి, మానేశాను. ఓపిక అయిపోయింది.

ఇంతలో ఇంకోటి బయటపడింది. నాలుగో అధ్యాయమే 2021లో ఒక జర్నల్లో వ్యాసంగా వచ్చింది, ఆయన పేరు, గైడు పేరు కలిపి. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తర్వు థీసిస్‌కే, వ్యాసం దాని పరిధిలోకి రాదట. జర్నల్ అట్ట మీద యూజీసీ కేర్ జాబితాలో, అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాలో, ఉన్నట్టు పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు. ఆ జాబితానే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది కాబట్టి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక నేరుగా ఎడిటర్‌కు రాశాను, ఉత్తర్వు జతచేసి. పావుగంటలో జవాబు వచ్చింది: మీ పరిశోధన వ్యాసం పంపినందుకు ధన్యవాదాలు, ప్రచురణ రుసుము 1,500 రూపాయలు, ఈ కింది ఖాతాకు. జూలై 10న అదే ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. వ్యాసం ఇంకా అక్కడే ఉంది.